ఆదివాసీ కథ చదవాలంటే ముందు మ్యాప్ తెరవండి

"ప్రపంచ ఆదివాసీ కథలు" అని పేరు పెట్టుకుని వచ్చే సంకలనాల్లో ఒక తమాషా కనిపిస్తుంది. ఒక పేజీలో కొయోటీ (నక్కకీ తోడేలుకీ మధ్యస్థంగా ఉండే అమెరికా జంతువు), తర్వాతి పేజీలో కొండచిలువ, ఆ తర్వాత కాకి. అన్నీ "అనగనగా ఒక అడవిలో" అనే మొదలవుతాయి. ఏ అడవి? ఏ ఏటి ఒడ్డు? కథ చెప్పినవాళ్లకి ప్రాణం లాంటి ముక్క అది. పుస్తకం వేసినవాళ్లు మొట్టమొదట తీసిపారేసిందీ దాన్నే. ఊరూ పేరూ పోయాక మిగిలేది పిల్లల నీతికథ. చదువుతాం, "బాగుంది" అనుకుంటాం, పేజీ తిప్పేస్తాం.

ఈ కథల్లో చాలావాటికి సగం పాఠం నేల మీదే ఉంటుంది. బండ మీది చారలో, వాగు మలుపులో, ఏటా ఒకే కాలంలో ఎదురెక్కే చేపలో ఉంటుంది. నోటితో చెప్పేది మిగతా సగం. కాబట్టి చదివే వరస తిరగేయాలి. ముందు చోటు, తర్వాత కథ. ఎలాగో చెబుతాను. ఇందులో ఎక్కువ భాగం ఇంట్లో కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకుని చేసుకోగలిగినదే.

1. ఎవరి కథో తేల్చుకోండి

"నేటివ్ అమెరికన్ కథ" అనో "ఆబొరిజినల్ కథ" అనో ఉంటే అక్కడే ఆగండి. 1788లో బ్రిటిష్ వాళ్లు వచ్చి దిగేనాటికి ఆస్ట్రేలియాలో 250కి పైగా భాషలు ఉన్నాయి. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన తెగలే 570 దాటతాయి. కెనడాలో ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ సముదాయాలు 600 పైచిలుకు. ఇన్యుయిట్లు, మేటీలు అనే మిగతా ఆదివాసులు వీళ్లు కాక. మన దేశంలో షెడ్యూల్డ్ తెగలు 700 పైనే. ఇన్ని వేల చోట్ల బతికినవాళ్లందరినీ ఒక్క మాటలో కట్టేస్తే ఆ మాటకి అర్థమేం మిగులుతుంది?

చేయాల్సింది తేలికే. పుస్తకం ముందుమాట, కథ కింది చిన్న అక్షరాలు చూడండి. చెప్పిందెవరు, ఏ తెగ, ఏ ఊరు, రాసుకున్నదెవరు, ఎప్పుడు? ఈ వివరాల్లో కనీసం తెగ పేరూ ప్రాంతమూ దొరక్కపోతే ఆ కథని పక్కన పెట్టేయడమే మేలు. సోషల్ మీడియాలో సూర్యాస్తమయం ఫొటో మీద తిరిగే "ఒక ఆదివాసీ పెద్ద చెప్పిన మాట" లాంటివాటి గురించి వేరే చెప్పక్కర్లేదు.

2. మ్యాప్ మీద వేలు పెట్టండి

నేటివ్ ల్యాండ్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. ప్రపంచంలో ఏ చోటు మీద నొక్కినా అది ఏ ఆదివాసుల నేలో, అక్కడ ఏ భాషలో చూపించడానికి ప్రయత్నిస్తుంది. ఆస్ట్రేలియాకి విడిగా 1996 నాటి ఒక పెద్ద రంగుల మ్యాప్ ఉంది, ఆ దేశపు ఆదివాసీ అధ్యయన సంస్థ వేసింది. రెండూ తెరిచి చూడండి గానీ వాటి మీది గీతల్ని సర్వే రాళ్లలా చూడొద్దు. హద్దులు ఉజ్జాయింపే, భూమి దావాలకి వీటిని వాడొద్దు అని ఆ మ్యాపులు తయారు చేసినవాళ్లే రాసుకున్నారు. చాలాచోట్ల ఒకే నేల ఇద్దరు ముగ్గురి లెక్కలోకి వస్తుంది. రంగులు ఒకదాని మీద ఒకటి పడితే అది తప్పనుకోకండి.

వెతికేటప్పుడు పాత పేరూ కొత్త పేరూ రెండూ కొట్టి చూడండి. ఆస్ట్రేలియాలో 1873లో ఒక సర్వేయర్ ఏయర్స్ రాక్ అని పేరు పెట్టిన బండే ఉలూరు. కెనడా పడమటి తీరంలో 2010 దాకా క్వీన్ షార్లట్ దీవులుగా మ్యాపుల్లో ఉన్నవే హైడా గ్వాయ్. పాత పుస్తకాల్లో ఒక పేరు, ఇప్పటి మ్యాపులో ఇంకో పేరు ఉండటంతో రెండూ వేర్వేరు చోట్లని పొరబడేవాళ్లు చాలామంది.

చోటు దొరికాక ఉపగ్రహ చిత్రం పెట్టుకోండి. ఎత్తులు, నీళ్లు, దారులు, ఈ మూడూ చూస్తే చాలు మొదటికి.

3. కథని నేల మీద పెట్టి చదవండి

ఇక్కడ కాస్త నింపాదిగా ఉండాలి. ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం.

ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎడారిలో ఉలూరు. 348 మీటర్ల ఎత్తు, చుట్టూ తిరిగితే 9.4 కిలోమీటర్లు. దాని అడుగున ముటిజులు అనే నీటిమడుగు ఉంది. అక్కడి అనంగు ప్రజలు సందర్శకులకి కూడా చెప్పే కథ ఒకటుంది. కునియా అనే కొండచిలువ స్త్రీ తూర్పు నుంచి వస్తుంది. ఆమె మేనల్లుణ్ణి లీరు అనే విషసర్ప యోధులు ఈటెలతో పొడిచి చంపారని తెలుస్తుంది. వాళ్లలో ఒకడు మడుగు దగ్గర ఎదురుపడి ఆమె దుఃఖాన్ని చూసి ఎగతాళి చేస్తాడు. ఆమె దుంపలు తవ్వుకునే కర్ర ఎత్తి వాడి తల మీద కొడుతుంది. మళ్లీ కొడుతుంది. వాడి డాలు జారి పడిపోతుంది.

కాగితం మీద ఇది ఒక పగ కథ. ఇప్పుడు ముటిజులు ఫొటో, చూడటానికి అనుమతి ఉన్నది, పక్కన పెట్టుకుని మళ్లీ చదవండి. మడుగు మీది గోడలో పగుళ్లు కనిపిస్తాయి, అవి కర్ర దెబ్బలు. కింద పడి ఉన్న పెద్ద బండ ఆ డాలు. నైరుతి వైపు రాతి గోడకున్న గుంతలు ఈటెలు దిగిన చోట్లు. ఆ ఎడారిలో నీళ్లు కాస్త నమ్మకంగా దొరికే చోట్లలో ఆ మడుగొకటి. కాబట్టి ఈ కథ తెలిసిన మనిషికి నీళ్లెక్కడో కూడా తెలిసినట్టే. ఆ మడుగు దగ్గరికి పోయినప్పుడల్లా తలెత్తి చూస్తే, ఏం చేస్తే ఏమవుతుందో గోడ మీద ఉంటుంది. పుస్తకం మూసేస్తే పాఠం కనుమరుగవుతుంది, గోడ అలా మూసుకోదు. దీన్ని అనంగులు చుకుర్పా అంటారు. సృష్టి గాథ, చట్టం, నడవడి, చుట్టరికాలు అన్నీ కలిసినది అది.

మీరు తీసుకున్న కథకి కూడా ఇలాగే ప్రశ్నలు వేసుకోండి. పాత్రలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి? ఎక్కడ ఆగాయి? ఆగిన చోట నీళ్లున్నాయా, తిండి గింజలున్నాయా, ఎక్కడానికి దారుందా? కథలో ఎవరైనా రాయిగా, చుక్కగా, పిట్టగా మారితే అది ఇప్పటికీ అక్కడ ఉందా? చివరి ప్రశ్నకి చాలాసార్లు "ఉంది" అనే జవాబే వస్తుంది. అక్కణ్ణుంచి కథ మీద మీ చూపు మారిపోతుంది.

4. ఏ కాలంలో చెప్పే కథో కనుక్కోండి

చోటుకి కాలం కూడా ఉంటుంది. అమెరికా నైరుతి ప్రాంతపు నవాహోలు కొయోటీ కథలు చలికాలంలోనే చెబుతారు, పాములూ ఎలుగులూ నిద్రలో ఉండగా. గ్రేట్ లేక్స్ ప్రాంతపు అనిషినాబేలలోనూ కొన్ని కథలకి నేల మీద మంచు ఉండాలన్న పట్టింపు ఉంది. అలాంటి కథని ఎండాకాలంలో చదివితే పాపమేదో చుట్టుకుంటుందని నేననను. పట్టింపు ఉందని తెలిసి చదవడం మాత్రం కనీస మర్యాద. కుదిరితే చలికాలం దాకా ఆగొచ్చు, పోయేదేముంది.

5. ఆ చోటు ఇప్పుడు ఎలా ఉందో చూడండి

చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే.

అమెరికాలో ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మధ్య కొలంబియా నది పారుతుంది. దాని మీద సెలైలో అని ఒక జలపాతం ఉండేది. వేల ఏళ్లుగా చుట్టుపక్కల తెగలన్నీ చేపలకీ, బేరసారాలకీ, పెళ్లి సంబంధాలకీ అక్కడే కలిసేవి. బండల మీద కర్ర మంచెలు కట్టుకుని, నడుముకి తాడు బిగించుకుని, పొడవాటి కర్రకి కట్టిన వలతో ఎదురెక్కే సాల్మన్ చేపల్ని పట్టేవాళ్లు.

ఆ ప్రాంతపు విష్రమ్ తెగవాళ్ల కథ ఒకటుంది. ఇద్దరు స్త్రీలు నదికి అడ్డుకట్ట వేసి చేపలన్నిటినీ తమ మడుగులోనే ఉంచేసుకుంటారు. ఎగువన ఉన్న జనానికి చేప అందదు. కొయోటీ అనే ఆ జిత్తులమారి పసిబిడ్డ వేషంలో నీళ్లలో కొట్టుకొస్తాడు. వాళ్లు జాలిపడి ఇంటికి తీసుకెళతారు. వాళ్లు బయటికి పోయినప్పుడల్లా వీడు తవ్వుకోలతో కట్టని తవ్వుతూ ఉంటాడు. చివరికి కట్ట తెగుతుంది, చేపలు పైకి ఉరుకుతాయి. ఇకనుంచి సాల్మన్ వచ్చే ముందు మీరు వచ్చి కబురు చెప్పండని ఆ ఇద్దరినీ స్వాలో పిట్టలుగా మార్చేస్తాడు. వసంతంలో ఆ పిట్టలు కనిపిస్తే వెనకే చేప వస్తున్నట్టు లెక్క.

1957 మార్చి 10న ద డాల్స్ డ్యామ్ గేట్లు మూశారు. కొన్ని గంటల్లోనే సెలైలో నీళ్ల కింద పడిపోయింది. ఎక్కడ చేపలు పట్టుకునే హక్కు తెగలకి ఉంటుందని 1855 ఒప్పందాల్లో అమెరికా ప్రభుత్వం రాసిచ్చిందో, ఆ చోటే నీళ్ల పాలైంది. గట్టు మీద జనం నిలబడి చూస్తూ ఉండిపోయారు. చేపల్ని కట్ట వెనక బంధించిన కథ పుట్టిన నది మీదే అంత కట్ట కట్టారు. 1957 తర్వాత ఈ కథ చెప్పే మనిషి గొంతులో, వినే మనిషి చెవిలో ఏముంటుందో ఊహించుకోండి. మ్యాప్ చూడని పాఠకుడికి ఇది ఒక జిత్తులమారి జంతువు కథే, నవ్వుకుని ఊరుకుంటాడు.

చోటు పోవడం ఒక్కటే కాదు, మనుషుల్ని చోటు నుంచి తరిమేయడమూ ఉంది. తెగల్ని పడమటికి తరలించే 1830 చట్టం కింద, 1838-39 ప్రాంతంలో చెరోకీల్ని ఆగ్నేయ కొండల నుంచి ఇప్పటి ఓక్లహోమాకి నడిపించారు. దారిలో, శిబిరాల్లో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. అందువల్ల చెరోకీ కథ తీసుకుంటే రెండు మ్యాపులు తెరవాలి. ఒకటి కథ పుట్టిన నార్త్ కరోలినా కొండలది, రెండోది చెప్పే కుటుంబం ఇప్పుడున్న ఊరిది. ఈ చెరోకీల తల్లి ఊరు కిటువా. అక్కడున్న పాత మట్టి దిబ్బ చాలా ఏళ్లు వేరేవాళ్ల పొలంలో నాగళ్ల కింద నలిగి ఎత్తు తగ్గిపోయింది. కొండల్లోనే మిగిలిపోయిన ఈస్టర్న్ బ్యాండ్ చెరోకీలు 1996లో ఆ భూమిని డబ్బు పెట్టి కొనుక్కున్నారు. తమ తల్లి ఊరినే!

ఇంకొక మాట. 2020 మే 24న పశ్చిమ ఆస్ట్రేలియాలోని జుకాన్ గార్జ్ రాతి గుహల్ని రియో టింటో గని కంపెనీ ఇనుప ఖనిజం కోసం పేల్చేసింది. అక్కడ మనుషులు 46,000 ఏళ్ల కిందటి నుంచీ మసలిన ఆనవాళ్లు ఉన్నాయి. తర్వాత కంపెనీ పెద్దలు పదవులు వదులుకున్నారు, పార్లమెంటు విచారణ జరిపింది. గుహలు మాత్రం లేవు.

6. భూగర్భ శాస్త్రం తోడు తెచ్చుకోండి, పెత్తనం ఇవ్వకండి

ఒరెగాన్‌లో క్రేటర్ లేక్ ఉంది, లోతు 594 మీటర్లు. అమెరికాలో ఇంత లోతైన చెరువు ఇంకోటి లేదు. పాతాళపు శక్తి లావ్‌కీ, పైలోకపు శక్తి స్కెల్‌కీ యుద్ధం జరిగి, నిప్పులు కురిసి, చివరికి లావ్ ఉన్న కొండ తనలోకి తానే కుప్పకూలిందని క్లామత్ ప్రజలు చెబుతారు. భూగర్భ శాస్త్రం చెప్పేదీ దగ్గర దగ్గరగా అదే. సుమారు 7,700 ఏళ్ల కిందట మజామా అనే అగ్నిపర్వతం పేలి, లోపల ఖాళీ అయ్యి కూలిపోయింది, ఆ గుంతలో నీళ్లు నిండాయి. 1938లో ఒరెగాన్‌లోనే ఫోర్ట్ రాక్ గుహలో ఆ బూడిద పొర కింద చెట్టు బెరడుతో అల్లిన చెప్పులు బయటపడ్డాయి. అంటే పేలుడుకి ముందే అక్కడ మనుషులున్నారు.

ఇలాంటి పోలిక దొరికితే ఒళ్లు జలదరిస్తుంది, సహజమే. కానీ "చూశారా, సైన్సు రుజువు చేసింది కాబట్టి కథ నిజం" అనే దగ్గర ఆగిపోకండి. అలా అంటే ఏ రుజువూ దొరకని కథలన్నీ అబద్ధాలని ఒప్పుకున్నట్టు అవుతుంది. లావ్‌కీ స్కెల్‌కీ తగువు ఎందుకొచ్చింది, కొండ కూలాక జనం ఆ చెరువు దగ్గర ఎలా మసలుకోవాలి అన్నవి బూడిద పొరలో దొరకవు.

కథని రుజువుగా ఒప్పుకోవాలా వద్దా అన్న ఈ తగాదా కోర్టుల దాకా వెళ్లింది. కెనడాలో స్కీనా నది ప్రాంతపు గిట్‌క్సన్, వెట్సువెట్టెన్ ప్రజలు తమ నేల తమదేనని దావా వేశారు. దస్తావేజులు చూపించమంటే తమ వంశ గాథలు వినిపించారు. అందులో మెదీక్ అనే మహా ఎలుగు కథ ఒకటి. యువతులు చేప ఎముకల్ని అలంకారంగా పెట్టుకుని ఆడుకుంటూ చేపల్ని చులకన చేస్తే, ఎలుగు వాగు వెంట చెట్లు విరుచుకుంటూ వచ్చి పడుతుంది. అక్కడి సీలీ సరస్సు దగ్గర సుమారు 3,500 ఏళ్ల కిందట పెద్ద కొండచరియ జారిన ఆనవాళ్లున్నాయని నిపుణులు సాక్ష్యం చెప్పారు. ఒక పెద్దావిడ తమ వంశపు శోకగీతం కోర్టులో పాడబోతే, నాకు పాట వినే చెవి లేదు, పాడినా ఉపయోగం లేదు అన్నాడు జడ్జి. 1991లో దావా కొట్టేశారు. 1997 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ తీర్పుని పక్కన పెట్టి, మౌఖిక చరిత్రని కూడా రాత సాక్ష్యంతో సమానంగా చూడాలని చెప్పింది. భూమి ఎవరిదన్నది మాత్రం తేల్చలేదు, మళ్లీ విచారణ జరపమంది.

మన ఒడిశాలోని నియమగిరి కొండ మీద గని గొడవ కూడా ఈ వరసలోదే. కొండ తమ దేవుడు నియమ రాజు ఇల్లు అని అక్కడి డోంగ్రియా కోంద్ ఆదివాసులు అన్నారు. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలంది. సభలు పెట్టిన 12 ఊళ్లూ బాక్సైట్ గని వద్దన్నాయి.

7. ఒకే చోటుకి రెండు మూడు కథలుంటే కలపకండి

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో నేల మీంచి నిలువుగా లేచిన ఒక రాతి స్తంభం ఉంది, మ్యాపుల్లో డెవిల్స్ టవర్. దాని చుట్టూ పైనుంచి కిందికి గాడులు. ఏడుగురు అక్కచెల్లెళ్లని, ఎలుగుగా మారిన తమ్ముడు తరిమాడనీ, వాళ్లెక్కిన మొద్దు పైకి లేస్తుంటే ఎలుగు గోళ్లతో గీరిందనీ, వాళ్లు సప్తర్షి మండలం అయ్యారనీ కయోవాలు చెబుతారు. లకోటా, షయాన్ లాంటి వేరే తెగలకి అదే రాయితో తమవైన కథలున్నాయి, ఎలుగు చాలావాటిలో వస్తుంది. "అసలు కథ ఏది" అని అడక్కండి. ఎవరు ఏ వైపు నుంచి ఆ రాయి దగ్గరికి వచ్చారో, ఇప్పుడు ఎక్కడున్నారో చూడండి. కయోవాలు ఎక్కువమంది ఇప్పుడు ఎంతో దక్షిణాన ఓక్లహోమాలో ఉన్నారు. ఆ రాయి వాళ్ల పాత ప్రయాణంలో ఒక మజిలీ.

దీనికి తిరగేసిన సంగతీ ఉంది. ఒకే కథ వందల కిలోమీటర్లు నడుస్తుంది. మనం కృత్తికలు అనే చుక్కలు ఆస్ట్రేలియా ఎడారి ప్రజలకి కూడా అక్కచెల్లెళ్లే, ఏడుగురు. వాళ్ల వెంటపడే మగవాడి నుంచి తప్పించుకుంటూ పశ్చిమ ఎడారుల నుంచి తూర్పుకి పారిపోతారు. ఆగిన ప్రతి చోటా ఒక మడుగో గుట్టో ఉంటుంది. ఆ దారిలో ఒక్కో ముక్క ఒక్కో సముదాయం చేతిలో ఉంటుంది, తమ ముక్క వరకే వాళ్లు చెబుతారు. కథ మధ్యలో ఆగిపోయినట్టు అనిపిస్తే లోపం వెతక్కండి. ఆ చెప్పే మనిషి హద్దు అక్కడితో అయిపోయింది.

8. మూసిన తలుపు దగ్గర ఆగండి

ఉలూరు చుట్టూ కొన్ని చోట్ల ఫొటోలు తీయొద్దని బోర్డులుంటాయి. అక్కడి రాతి వివరాలు తమకి పవిత్ర గ్రంథంతో సమానం, వాటిని అక్కడికి వచ్చే చూడాలి, ఫొటోగా ఊళ్లు తిరగకూడదు అని అనంగు ప్రజల మాట. కొన్ని ఆడవాళ్లకే, కొన్ని మగవాళ్లకే. ఇంటర్నెట్‌లో పాత ఫొటోలు దొరుకుతాయి. దొరికాయి కదా అని వాడకండి. బండ ఎక్కడం కూడా 2019 అక్టోబర్ 26 నుంచి పూర్తిగా ఆపేశారు, ఆ నేలని అనంగులకి తిరిగిచ్చి సరిగ్గా 34 ఏళ్లయిన రోజున. డెవిల్స్ టవర్ దగ్గరైతే 1995 నుంచి జూన్ నెలలో ఎక్కొద్దని కోరుతున్నారు. అది అభ్యర్థనే, ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు.

పాత మానవశాస్త్ర పుస్తకాల్లో రహస్య క్రతువులు కూడా అచ్చయి ఉంటాయి. అలాంటిది తగిలితే ఆ తెగవాళ్ల సొంత వెబ్‌సైటో కల్చరల్ సెంటరో దాన్ని బయటపెట్టిందేమో చూడండి. వాళ్లు చెప్పనిది మీరు ముందుకి పంపక్కర్లేదు.

9. మీరు చెప్పేటప్పుడు చోటుతో సహా చెప్పండి

పిల్లలకి చెప్పినా, క్లాసులో చెప్పినా, వీడియో చేసినా కథ పేరుకి ముందు రెండు వాక్యాలు పెట్టండి. "ఇది కొలంబియా నది మీద సెలైలో జలపాతం దగ్గర విష్రమ్ తెగవాళ్లు చెప్పుకున్న కథ. ఆ జలపాతం 1957 నుంచి డ్యామ్ నీళ్ల కింద ఉంది." అంతే. పాత్రల పేర్లు తెలుగు చేయొద్దు, కొయోటీని నక్క చేసేయొద్దు, ఊరుని "ఒకానొక ఊరు" చేయొద్దు. మ్యాప్ చూపించే వీలుంటే చూపించండి. వినేవాళ్లు "అక్కడ ఇప్పుడెవరున్నారు?" అని అడిగితే జవాబు దగ్గర పెట్టుకోండి. సెలైలో గ్రామంలో ఇప్పటికీ జనం ఉన్నారు, ఏటా వసంతంలో మొదటి సాల్మన్ పండగ చేసుకుంటారు.